టార్చి వెలుగు: చేత పట్టినవారికి, ఎదురు వచ్చేవారికి

ఒక దీపం ఎంత ప్రకాశవంతంగా ఉన్నది అన్న ప్రశ్నకు చీకటిలో నిలబడిన ఇద్దరు మనుషులు ఒకే సమాధానం చెప్పడం అరుదు. ఒకరికి దారి చూపే దీపమే మరొకరి కన్నులను మూసివేస్తుంది. దీపంలో తేడా లేదు. తేడా అంతా వారు నిలుచున్న చోటులోనే ఉన్నది. ఇంత చిన్న సంగతి కోసం కళాశాల వార్షిక సంచికలో ఇన్ని పుటలు నింపవలెనా అని చదువరులకు తోచవచ్చు. మన ప్రాంగణంలో కొత్త దీపాలు అమర్చాలన్న ఆలోచన ఇప్పుడు కమిటీవారి ముందున్నది. ఆ ఆలోచన సాగుతున్న తీరు మాకు తృప్తికరంగా లేదు. అందుచేత నింపవలెననే మా అభిప్రాయం.

మేము భౌతికశాస్త్రం బోధించేవారము కాము. తెలుగు చెప్పుకొని బ్రతికేవారము. కనుక మాటలతోనే మొదలుపెడతాము. తెలుగులో వెలుగు, వెలుతురు అని రెండు మాటలున్నాయి. నిఘంటువులు ఈ రెండింటినీ దాదాపు ఒకే గూటిలో కూర్చోబెడతాయి గాని, జనవ్యవహారం అలా చేయదు. ‘దీపం వెలుగుతున్నది’ అంటాము. ‘గదిలో వెలుతురు చాలదు’ అంటాము. ఈ రెండు వాక్యాలను తారుమారు చేసి ఎవ్వరూ మాట్లాడరు. వెలుగు దీపానిది, వెలుతురు చోటుది. ఇక మూడవ మాట ఒకటున్నది: మిరుమిట్లు. అది దీపానిదీ కాదు, చోటుదీ కాదు, కంటిది. ఉర్దూ శాఖలోని మా మిత్రులు రోష్నీ, ఉజాలా, చకాచౌంధ్ అని దాదాపు ఇవే మూడు మెట్లను చూపుతారు. విచిత్రమేమంటే ‘కన్నులు మిరుమిట్లు గొలిపే’ అన్న విశేషణాన్ని మనం మెచ్చుకోలుగా వాడుతాము. పెళ్ళి పందిరిని గురించి వ్రాసినా, సినిమా తారను గురించి వ్రాసినా అదే మాట. ఆ మాటకు అసలు అర్థం కాసేపు ఏమీ కనబడకుండా పోవడమని మనకు గుర్తుండదు.

శాస్త్రజ్ఞులు కూడా ఈ విభజననే కొలతలతో చేశారు. దీపం ఒక దిక్కుగా విసిరే వెలుగు తీవ్రతకు కాండెలా అని పేరు. అన్ని దిక్కులకూ కలిపి వెదజల్లే మొత్తం వెలుగు ల్యూమెన్లలో వస్తుంది. ఒక చోట వచ్చి పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. సాధారణమైన కొవ్వొత్తి తీవ్రత సుమారు 1 కాండెలా. అది నలువైపులా వెదజల్లేది మొత్తం మీద 12 ల్యూమెన్ల పైచిలుకు. ఇదే కొవ్వొత్తి వెలుగునంతా ఒక పుటాకార దర్పణంతో పోగుచేసి ఒకే సన్నని దిక్కుకు మళ్ళించగలిగితే, ల్యూమెన్లు ఒక్కటైనా పెరగకుండానే కాండెలాలు వందల సంఖ్యకు ఎక్కుతాయి. టార్చిలైటు చేసే పని ఇదే. అది వెలుగును సృష్టించడం కంటె, ఒక వైపు నుంచి తీసివేసి మరొక వైపుకు ఇవ్వడం ఎక్కువగా చేస్తుంది. ఎవరికి ఇచ్చింది, ఎవరి నుంచి తీసివేసింది అన్నది తెలియకుండా దాని ప్రకాశాన్ని గురించి మాట్లాడటం వ్యర్థం.

మన వసతిగృహంలో ఈ మధ్య రెండు టార్చిలను గురించి పెద్ద వాదమే జరిగింది. ఒకటి లోతైన దర్పణం గల పాత రేకు టార్చి, రెండు బ్యాటరీలది. రెండవది ఈ కాలపు ఎల్.ఇ.డి. టార్చి, పొట్టిగా వెడల్పుగా ఉంటుంది; డబ్బా మీద ల్యూమెన్ల సంఖ్య పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. మేడ మీద నుంచి దూరపు నీళ్ళట్యాంకు మీద వేసి చూచినవారు పాతదే గొప్పదన్నారు. గదిలో కప్పు వైపు తిప్పి పెట్టి చదువుకున్నవారు కొత్తదే గొప్పదన్నారు. తీర్పు చెప్పమని మా దగ్గరకు వచ్చారు. ఇద్దరిదీ నిజమేనని చెబితే ఇరుపక్షాలకూ కోపం వచ్చింది. పాతది సన్నగా దూరం పోతుంది, కొత్తది పరచుకొని దగ్గరలో ఆగిపోతుంది. ట్యాంకు దగ్గరి ప్రశ్న కాండెలాలది, గదిలోని ప్రశ్న ల్యూమెన్లది.

టార్చి ఎంత దూరం వేస్తుంది అనే దానికి 2009లో అమెరికాలో తయారీదారులు ఒక ప్రమాణం ఏర్పరచుకున్నారు. టార్చి నుంచి వచ్చి పడే వెలుతురు పావు లక్స్‌కు, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంతకు, తగ్గిపోయే చోటే దాని ‘దూరం’. దూరం పెరిగినకొద్దీ వెలుతురు ఆ దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, 100 మీటర్లు వేసే టార్చికి 2,500 కాండెలాలు చాలును. 200 మీటర్లు వేయాలంటే 10,000 కావాలి. డబ్బా మీద ‘200 మీటర్లు’ అని చదివి కొన్నవారు ఇందులో ఒక మెలిక గమనించరు. ఆ వెన్నెలంత వెలుతురు పడేది 200 మీటర్ల అవతల ఉన్న చెట్టు మీద. దానిని చూడవలసిన మనిషి మాత్రం ఇవతలి కొసన ఉన్నాడు. చెట్టు తిరిగి పంపే ఏ కొంచెమో అతనికి దక్కుతుంది.

ఇక ఎదురుగా వచ్చేవాని సంగతి చూడండి. అదే 2,500 కాండెలాల టార్చిని 5 మీటర్ల దూరంలో ఒక మనిషి ముఖం మీద వేస్తే 100 లక్స్‌ల వెలుతురు పడుతుంది. పున్నమి వెన్నెలకు ఇది 400 రెట్లు. టార్చి పట్టుకున్నవాని మీద మాత్రం ఏమీ పడదు. ‘దీపం కింద చీకటి’ అని తెలుగువారు, ‘చిరాగ్ తలే అంధేరా’ అని ఉర్దూవారు చెప్పుకొనే సామెత నూనె దీపాన్ని చూచి పుట్టింది. ఆ దీపం తన కాళ్ళ దగ్గర మాత్రమే చీకటి ఉంచుకొనేది. టార్చి తన వెనుక ఉన్న మనిషినంతటినీ చీకటిలో దాచివేస్తుంది. ముఖం మీద వెలుగు పడినవాడు, అడుగుతున్నది ఎవరో చూడలేడు. అడిగేవాడు ఇతని కనురెప్ప అదరడం కూడా చూడగలడు. రాత్రి పొద్దుపోయాక రైలు దిగి ఇంటికి నడిచి వెళ్ళే మన విద్యార్థులలో చాలమందికి ఈ అనుభవం కొత్త కాదు. ‘ఎవరు నువ్వు, ఎక్కడికి’ అన్న ప్రశ్న వెలుగుతో కలిసి వస్తే దాని బరువు వేరు. అదే ప్రశ్నను టార్చి నేలకు దించి అడిగితే అది ఇద్దరు మనుషుల మధ్య జరిగే మాట అవుతుంది. వెలుగును దించడానికి ఖర్చేమీ కాదు.

కన్ను సంగతి కూడ కొంత చెప్పాలి, ఎందుకంటే పొరపాటులో సగం అక్కడే ఉన్నది. వెలుగు రెట్టింపైతే మనకు రెట్టింపుగా తోచదు. జర్మనీలో ఫెక్నర్ 1860లోనూ, అమెరికాలో స్టీవెన్స్ 1957లోనూ వేర్వేరు సూత్రాలు చెప్పారు గాని, ఈ మాట మీద ఇద్దరికీ భేదం లేదు. స్టీవెన్స్ లెక్క ప్రకారం చీకటిలో ఒక వెలుగు రెండింతలుగా తోచాలంటే అసలు వెలుగు సుమారు ఎనిమిదింతలు కావాలి. కనుక ఎక్కువ వాట్ల దీపానికి డబ్బు ధారపోసేవారు, తాము ఖర్చు చేసినంత వెలుతురును ఏనాడూ కళ్ళజూడరు. పైగా కన్ను చీకటికి అలవాటుపడటానికి అరగంట, అంతకు పైన కూడా పడుతుంది. ఆ అలవాటును చెడగొట్టడానికి ఒక్క క్షణం చాలు. వయసు మళ్ళినవారికి కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పసుపుబారుతుంది. మిరుమిట్ల నుంచి తేరుకోవడానికి వారికి ఇంకా ఎక్కువ సేపు కావాలి. మన కమిటీలో పెద్దలే ఎక్కువ కనుక ఈ వాక్యాన్ని వారు మనసులో ఉంచుకొంటారని ఆశిస్తాము.

ఈ విషయం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. బస్రాలో సుమారు 965లో పుట్టి కైరోలో సుమారు 1040లో మరణించిన ఇబ్నుల్ హైతమ్ తన కితాబుల్ మనాజిర్‌లో కంటికి కలిగే బాధను చర్చించాడు. సూర్యుని వంక చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. ఎండ పడిన తెల్లని వస్తువును కాసేపు తేరిపార చూచి నీడలోని చోటుకు చూపు మరల్చితే అక్కడివి సరిగా కనబడవు. పగలు కూడ నక్షత్రాలు ఆకాశంలోనే ఉన్నాయి, చుట్టూ ఉన్న వెలుతురు వల్ల కనబడవు. ఇటువంటి నిత్యానుభవాలను పేర్చుకుంటూ పోయి, చూపు కంటి నుంచి బయటికి పోతుందన్న పాత వాదాన్ని ఆయన కాదన్నాడు. వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని స్థాపించాడు. ఆ గ్రంథం లాటిన్ అనువాదం 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. మా వంటి భాషా బోధకులకు ఆసక్తి కలిగించేది ఆ పేరు. మనాజిర్ అంటే అరబ్బీలో దృశ్యశాస్త్రం. దాని ఏకవచనమైన మన్జర్ ఉర్దూలో ‘దృశ్యం’. రెండింటికీ మూలం నజర్, చూపు. ‘నుక్తా ఎ నజర్’ అంటే దృక్కోణం. చూపును, చూడబడేదానిని, చూచే చోటును ఒకే ధాతువు మీద నిలబెట్టిన భాష మన ప్రాంగణంలో రోజూ వినబడుతున్నది.

పుస్తకాలు అవతల పెట్టి నేల మీదికి వద్దాము. వానాకాలపు రాత్రి దారిలో నీళ్ళు నిలిచి ఉంటాయి. చంద్రుడు ఎదురుగా ఉంటే నీటిగుంట మెరుస్తుంది. చంద్రుడు వీపు వెనుక ఉంటే అదే గుంట నల్లగా కనబడుతుంది. నీరు అద్దం వంటిది గనుక పడిన వెలుగును ముందుకే నెట్టివేస్తుంది, వెనక్కు ఇవ్వదు. టార్చి పట్టుకొని నడిచేవానికి తడినేల పొడినేల కంటె నల్లగా తోచడానికీ కారణం ఇదే. అతని వెలుగంతా జారి ఎదుటివాని కంట్లో పడుతున్నది. చలికాలపు పొగమంచులో దీనికి తలకిందులైన సంగతి జరుగుతుంది. దీపం తీవ్రత పెంచినకొద్దీ మంచుబిందువులు వెలుగును వెనక్కు విసిరి, డ్రైవరు ముందు తెల్లని గోడ కడతాయి. టార్చిని కంటి ఎత్తున పట్టుకుంటే రాళ్ళూ గుంటలూ చదునుగా కనబడతాయి, ఎందుకంటే వాటి నీడలు వాటి వెనుకనే దాగిపోతాయి. మోకాటి ఎత్తున పట్టుకుంటే చిన్న గులకరాయి కూడ పొడుగాటి నీడ వేసి తన ఉనికిని చాటుకుంటుంది.

ఈ చివరి సంగతి మాకు నేర్పినది గ్రంథాలు కాదు, మన కళాశాల రాత్రి కాపలాదారు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు పూర్వం కరెంటు వచ్చే వేళను బట్టి అర్ధరాత్రి మోటారు వేయడానికి పొలం గట్ల మీద నడిచిన రైతులలో ఆయన ఒకరు. టార్చి ఎప్పుడూ కిందికే ఉంటుంది. వచ్చినవారి ముఖం మీద ఆయన వెలుగు వేయగా మేము చూడలేదు. కారణమడిగితే, ‘ముఖం మీద కొడితే మనిషి కానొస్తడు సార్, తొవ్వ కానరాదు. పాము తొవ్వల ఉంటది గాని ముఖం మీద ఉంటదా?’ అన్నాడు.

చూచే దీపం వేరు, కనబడే దీపం వేరు అన్న భేదాన్ని కూడ చాలమంది మరచిపోతారు. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త మోటారు సైకిళ్ళకు, స్కూటర్లకు ముందు దీపం ఇంజనుతో పాటే వెలుగుతుంది, ఆర్పే వీలు లేదు. ఆ కొత్తలో బజారులో పోతున్నవారంతా వేళ్ళు ముడిచి తెరచి ‘లైటు వెలుగుతోంది’ అని సైగ చేసేవారు. ఇప్పటికీ కొందరు చేస్తూనే ఉంటారు. మండుటెండలో దీపం దండుగ అని వారి భావం. బండి మీద కూర్చున్నవానికి అది దండుగే, నిజం. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరుకు మాత్రం అది దండుగ కాదు. ఆ బండిని అతడు కొంత దూరం ముందుగానే గుర్తిస్తాడు. దీపం ఎవరి కోసం వెలుగుతున్నదో తెలియక పోవడమే ఆ సైగలన్నిటికీ మూలం.

ఇప్పుడు మన ప్రాంగణం మాట. గత వార్షికోత్సవానికి గేటు స్తంభం మీద ఒక పెద్ద ఫ్లడ్‌లైటును తాత్కాలికంగా అమర్చారు. కార్యాలయపు వరండాలో కూర్చుని చూచిన పెద్దలకు అది ఎంతో ముచ్చటగా కనబడింది. ప్రాంగణమంతా పట్టపగలు వలె ఉన్నదని అన్నారు. దానినే శాశ్వతంగా ఉంచాలన్నది ఇప్పటి ప్రతిపాదన. కాని వరండా ఆ దీపానికి పక్కగా ఉన్నది. దాని వెలుగు పడిన చెట్లను, గోడలను అక్కడివారు చూస్తారు గాని, దీపపు ముఖాన్ని చూడరు. వసతిగృహం నుంచి గేటుకు నడిచే విద్యార్థి మాత్రం దారి పొడుగునా దాని ముఖంలోకే నడుస్తాడు. ఆ ఉత్సవపు రాత్రే మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు పలక లేని కాలువలో అడుగు వేసి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అతడు తొందరపడి నడిచాడని అప్పుడు అందరూ అన్నారు. మేము మరునాటి రాత్రి అదే చోట నిలబడి చూచాము. ఎదుట దీపం తప్ప మరేమీ కనబడలేదు. చేతిని నుదుటికి అడ్డం పెట్టుకొన్నాక కాలువ అంచు బయటపడింది. చీకటి రాత్రి అయితే ఆ విద్యార్థి తడుముకుంటూ నడిచి ఉండేవాడు, పడి ఉండేవాడు కాదని మా నమ్మకం.

ఒక్క దీపంతో పోయేదానికి పది దీపాలెందుకన్న వాదం వినబడుతున్నది. గేటు దగ్గర 5 మీటర్ల దూరంలో పడే వెలుతురులో నూరో వంతు మాత్రమే 50 మీటర్ల దగ్గర పడుతుంది. అదీ ఏటవాలుగా పడటం వలన నేల మీద ఇంకా పలచబడుతుంది. కనుక ఆ దీపాన్ని ఎంత పెద్దది చేసినా గేటు దగ్గరివారికి అధికం, వసతిగృహం దగ్గరివారికి అల్పం. 9 వాట్ల బల్బులు 10 పెట్టినా 90 వాట్లే అవుతుంది. ఇప్పుడు అనుకుంటున్న ఫ్లడ్‌లైటుకు 200 వాట్లు కావాలి. స్తంభాలకు, తీగకు ఖర్చు ఉన్న మాట నిజమే, దానిని మేము దాచము. దొంగల భయానికి పెద్ద దీపం మంచిదన్న మాట కూడ అన్నారు. మిరుమిట్ల పక్కన ఉండే నీడ మామూలు చీకటి కంటె దట్టంగా తోస్తుంది. దాగదలచినవానికి అంతకంటె అనువైన చోటు లేదు.

కమిటీవారికి మా మనవి ఇది. దారి పొడుగునా తక్కువ ఎత్తు స్తంభాలు వేయించండి. బల్బు ముఖం నడిచేవారికి కనబడకుండా పైన రేకు గొడుగు పెట్టించి వెలుగును నేలకే వంచండి. కాలువ పలకలు వీటన్నిటికంటె ముందు. దుకాణదారు చూపే డబ్బా మీది ల్యూమెన్లను చూచి గాని, వరండాలో కుర్చీ వేసుకొని గాని నిర్ణయం చేయవద్దు. నమూనాగా రెండు స్తంభాలు పెట్టించి, రాత్రి ఎనిమిది దాటాక సభ్యులందరూ వసతిగృహం మెట్ల దగ్గర పావుగంట చీకటిలో నిలబడండి. ఆ తరువాత అక్కడి నుంచి గేటు దాకా, మళ్ళీ గేటు నుంచి వసతిగృహం దాకా నడవండి. మా కాపలాదారు టార్చితో ముందు నడుస్తాడు. అతని టార్చి మాత్రం నేల మీదనే ఉంటుంది.